పెట్టెలకు కాపలా కాసే ఆరుంబావు గంటలు: కనెక్టింగ్ ప్రయాణికుల తరఫున బహిరంగ లేఖ

కేంద్ర పౌర విమానయాన శాఖకు, పౌర విమానయాన భద్రతా బ్యూరోకు, కస్టమ్స్ అధికారులకు;
విదేశీ విమానాలు దిగే విమానాశ్రయాల నిర్వాహకులకు;
ఎయిర్‌లైన్స్ యాజమాన్యాలకు;
టికెట్లు కట్టే మా తోటి ట్రావెల్ ఏజెంట్లకు

అయ్యా, అమ్మా,

నమస్కారం. గల్ఫ్, అమెరికా, ఆస్ట్రేలియా దారుల్లో టికెట్లు కట్టేవాళ్లం, విమానాశ్రయాల్లో లగేజీ పని తెలిసినవాళ్లం కలిసి రాస్తున్న లేఖ ఇది. ఇదే విషయం మీద ఇంతకుముందు వినతిపత్రాలు ఇచ్చాం. అందినట్టు ముద్ర వేసిన కాగితాలు మా దగ్గర ఉన్నాయి, జవాబులు లేవు. అందుకే ఈసారి పదిమందీ చదివేలా రాస్తున్నాం.

మేం అడిగేది ఒకటే. విదేశం నుంచి వచ్చి, మరో విమానం ఎక్కి సొంతూరి దగ్గర దిగాల్సిన మనిషి చేతిలోంచి పెట్టెల్ని వీలైనంత త్వరగా తీసుకోండి. పెట్టె చేతిలో ఉన్నంతసేపు ఆ మనిషికి నిద్ర లేదు, తిండి లేదు, బాత్‌రూమ్‌కి వెళ్లే వీలు కూడా లేదు. రెండు విమానాల మధ్య ఎన్ని గంటలున్నా అవి ఖాళీ గంటలు కావు, కాపలా గంటలు.

నిబంధన మాకు తెలుసు. దేశంలో మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్, అక్కడే కస్టమ్స్. చెక్-ఇన్ లగేజీని అక్కడి బెల్ట్ మీద తీసుకుని, గ్రీన్ చానెల్ (సుంకం కట్టాల్సిన సరుకు లేనివాళ్ల దారి) దాటించి, దేశీయ విమానానికి మళ్లీ అప్పగించాలి. కువైట్‌లోనో డాలస్‌లోనో కట్టిన ట్యాగ్ మీద గన్నవరం కోడ్ ‘వీజీఏ’ అని ఉన్నా, కొన్ని ప్రత్యేక దారుల్లో తప్ప ఈ పని తప్పదు. కస్టమ్స్ తనిఖీ వద్దని మేం అనడం లేదు. తనిఖీ అయిపోయిన మరుక్షణం నుంచి ఆ పెట్టె ఎవరి బాధ్యత అన్నదే మా ప్రశ్న.

అమెరికాలోనూ ఇదే నిబంధన. చికాగోలో దిగి డాలస్ వెళ్లేవాళ్లు చికాగోలోనే పెట్టెలు తీసుకుని కస్టమ్స్ దాటాలి. అయితే దాటగానే ఎదురుగా ఇంకో బెల్ట్ ఉంటుంది. ట్యాగ్ కట్టిన పెట్టెను దాని మీద పెడితే పని అయిపోతుంది. అంత దూరం ఎందుకు, అలిపిరి దగ్గర చూడండి. నడిచి కొండెక్కే భక్తుల సంచులు తీసుకుని, టోకెన్ ఇచ్చి, పైన తిరుమలలో అప్పగిస్తారు. ఒక్క రూపాయి తీసుకోరు. మూటతో కొండెక్కడం కష్టమని అక్కడ ఎవరో ఆలోచించారు. కోట్ల రూపాయల యంత్రాలున్న టెర్మినల్లోనూ అదే ఆలోచన జరగాలి.

ముందు లెక్క చూడండి.

విమానం రాత్రి 2:00కి దిగిందనుకుందాం. గల్ఫ్ విమానాలు చాలావరకు అర్ధరాత్రి, తెల్లవారుజాము వేళల్లోనే దిగుతాయి. తలుపులు తెరిచి బయటికి రావడానికి 20 నిమిషాలు. ఇమిగ్రేషన్‌కి 40. బెల్ట్ దగ్గర 30. కస్టమ్స్ దాటి ట్రాలీతో బయటపడేసరికి 3:45. తర్వాతి విమానం ఉదయం 6:00కి అయితే లిఫ్ట్‌లో పైకెళ్లి, గేటు దగ్గర సీఐఎస్‌ఎఫ్ వాళ్లకి టికెట్టు, గుర్తింపు కార్డు చూపించి, కౌంటర్ వరుస దాటేసరికి 4:20. దేశీయ కౌంటర్ సాధారణంగా 60 నిమిషాల ముందు, అంటే 5:00కి మూసేస్తారు. మిగిలింది 40 నిమిషాలు. మొదటి విమానం గంట ఆలస్యమైతే రెండో టికెట్టు పోయినట్టే. కాగితం మీద నాలుగు గంటలు గ్యాపున్న ప్రయాణం అసలు రూపం ఇది.

ఈ భయంతోనే మేం ఎక్కువ గ్యాపున్న టికెట్టు కట్టమని చెబుతాం. అప్పుడు ఇంకో కష్టం మొదలవుతుంది. తర్వాతి విమానం మధ్యాహ్నం 1:00కి అనుకోండి. దేశీయ కౌంటర్లు లగేజీ తీసుకునేది చాలాచోట్ల రెండు మూడు గంటల ముందు, అంటే 10:00కి. తెల్లవారుజామున 3:45 నుంచి 10:00 దాకా ఆరుంబావు గంటలు. అమెరికా నుంచి వచ్చే పెద్దవాళ్లకి 23 కిలోల పెట్టెలు రెండు, 7 కిలోల హ్యాండ్ బ్యాగ్ ఒకటి, మొత్తం 53 కిలోలు. గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లకి తాడు కట్టిన అట్టపెట్టె ఒకటి, సూట్‌కేస్ ఒకటి, 30 కిలోలకు తగ్గదు. అవన్నీ ఒక ట్రాలీ మీద, ఆ ట్రాలీ హ్యాండిల్ మీద ఒక చెయ్యి.

దీనివల్ల సామాన్యులకు జరుగుతున్నది ఇది.

1. బాత్‌రూమ్. ఇది రాయడానికి సిగ్గుపడాల్సింది మేం కాదు. లగేజీతో నిండిన ట్రాలీ మరుగుదొడ్డి తలుపులోంచి పట్టదు. బయట వదిలితే అది ‘యజమాని లేని బ్యాగ్’ అవుతుంది. అలాంటి బ్యాగులు కనిపిస్తే చెప్పమని మైకులో ప్రకటనలు వస్తూనే ఉంటాయి, భద్రతా సిబ్బంది రావడం వాళ్ల విధి. పక్కన కూర్చున్న పరాయి మనిషికి అప్పగించడం భద్రతా నియమాలకే విరుద్ధం. ఇంటిపని కోసం కువైట్ వెళ్లి రెండేళ్లకు తిరిగొస్తున్న కోనసీమ మహిళో, రాయచోటి మహిళో ఒంటరిగా ఉంటే ఏం చెయ్యాలి? నీళ్లు తాగడం మానేస్తున్నారు. షుగరున్న పెద్దవాళ్లు, చంటిపిల్లలతో ఉన్న తల్లులు, గర్భిణులు కూడా అదే చేస్తున్నారు. వైద్యుడు చెప్పాల్సిన అవసరం లేని ప్రమాదం ఇది.

2. లోపలికీ లేదు, బయటికీ లేదు. కస్టమ్స్ తలుపు దాటాక వెనక్కి పోవడానికి లేదు. లగేజీ అప్పగించనిదే భద్రతా తనిఖీ దాటి ముందుకు పోవడానికి లేదు. మంచి కుర్చీలు, లాంజ్‌లు, తక్కువ రద్దీ ఉన్న మరుగుదొడ్లు ఎక్కువగా తనిఖీ అవతలే ఉంటాయి. ఇవతల దొరికేది నాలుగు కుర్చీలు. టికెట్టులో సమయం చూసి ‘ఇంకా టైముంది, తర్వాత రండి’ అని డిపార్చర్ గేటు దగ్గరే ఆపేసే చోట్లూ ఉన్నాయి. అలాంటప్పుడు చలికాలమైనా, వానైనా ఫుట్‌పాత్ మీదే.

3. టెర్మినళ్లు వేరైతే చెప్పనక్కర్లేదు. శంషాబాద్‌లో దేశీయ, అంతర్జాతీయ విమానాలు ఒకే కప్పు కింద ఉన్నాయి, అది పెద్ద మేలు. ముంబయిలో విదేశీ విమానం దిగేది టీ2 టెర్మినల్లో, సహార్ వైపు. ఎక్కాల్సిన దేశీయ విమానం టీ1లో ఉంటే శాంతాక్రూజ్ వైపు రోడ్డు మీద పోవాలి. ఢిల్లీలో టీ3 నుంచి టీ1కీ అంతే. భాష రాని ఊళ్లో, తెల్లవారుజామున, 50 కిలోలతో షటిల్ బస్సు ఎక్కి దిగమనడం 65 ఏళ్ల దంపతుల్ని అడగాల్సిన పని కాదు. ఈ వయసువాళ్లు చాలామంది నడవగలిగి కూడా వీల్‌చెయిర్ పెట్టించుకునేది దీనికే, దారి చూపించే మనిషి ఒకరు ఉంటారని. నిజంగా నడవలేనివాళ్లకి వీల్‌చెయిర్ దొరక్కపోవడానికి ఇదీ ఒక కారణం.

4. టికెట్లు వేరైతే కిలోలు మారిపోతాయి. ఒకే పీఎన్‌ఆర్ (బుకింగ్ నంబరు) మీద ఉన్న ప్రయాణంలో విదేశీ లగేజీ పరిమితే చివరి ఊరిదాకా వర్తిస్తుంది. విడివిడిగా కొన్న టికెట్లలో దేశీయ పరిమితి సాధారణంగా 15 కిలోలు. కువైట్ నుంచి 30 కిలోలతో వచ్చినవాళ్లు మిగతా 15 కిలోలకు కౌంటర్ దగ్గర కిలోకు వందల రూపాయల చొప్పున కట్టాలి. కొన్నిసార్లు అది టికెట్టు ధరనే దాటుతుంది. కట్టలేనివాళ్లు అక్కడే నేల మీద పెట్టె విప్పి దుప్పటి, పాలపొడి డబ్బాలు, పిల్లల బట్టలు తీసి వదిలేసి పోతున్నారు. కొందరు విమానం టికెట్టు వదులుకుని బస్సెక్కుతున్నారు.

5. పెట్టె రాకపోతే ఏమవుతుందో ఎవరూ ముందుగా చెప్పరు. ప్రపంచమంతటా ఆలస్యమయ్యే లగేజీలో పెద్ద వాటా ఒక విమానం నుంచి ఇంకో విమానానికి మారే చోటే. పెట్టె తప్పిపోయినా, పగిలిపోయినా హాలు దాటకముందే ఎయిర్‌లైన్ డెస్క్‌లో పీఐఆర్ అనే ఫిర్యాదు రాయించుకోవాలి. మాంట్రియల్ ఒప్పందం ప్రకారం దెబ్బతిన్న లగేజీకి 7 రోజుల్లో, ఆలస్యంగా చేరిన లగేజీకి చేతికందిన నాటి నుంచి 21 రోజుల్లో లిఖితపూర్వకంగా ఫిర్యాదు చెయ్యాలి. 2024 డిసెంబర్ 28 నుంచి ఆ ఒప్పందం కింద పరిహారం గరిష్ఠ పరిమితి మనిషికి 1,519 ఎస్‌డీఆర్‌లు (అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కగట్టే యూనిట్లు), రూపాయల్లో లక్షన్నరకు పైమాటే. అదే పెట్టె విడిగా కొన్న దేశీయ టికెట్టు మీద పోతే పరిమితి 20,000 రూపాయలు. విడి టికెట్ల మీద వచ్చినవాళ్ల పెట్టె మూడు రోజుల తర్వాత దొరికితే మొదటి ఎయిర్‌లైన్ దాన్ని తన టికెట్టులో ఉన్న చివరి ఊరికే చేరుస్తుంది. అమలాపురం మనిషి హైదరాబాద్‌కి మళ్లీ రావాలి. పోనూ రానూ ఖర్చు, రెండు రోజుల పని పోయినట్టే.

6. చిన్న విమానాలు. రాజమండ్రి, కడప, తిరుపతి వంటి ఊళ్లకు హైదరాబాద్ నుంచి తిరిగేవాటిలో ఏటీఆర్ 72 విమానాలున్నాయి. సీట్లు 70–78, లగేజీ అర చిన్నది, తలపై అరలు ఇంకా చిన్నవి. బరువు ఎక్కువైతే కొన్ని పెట్టెల్ని తర్వాతి సర్వీసుకు ఆపేస్తారు. హ్యాండ్ బ్యాగ్‌ని మెట్ల దగ్గరే తీసుకుని కిందికి పంపిస్తారు. పాస్‌పోర్టు, బంగారం, ఇన్సులిన్, పవర్ బ్యాంక్ అన్నీ అందులోనే ఉంటాయి. పవర్ బ్యాంక్ చెక్-ఇన్ లగేజీలో పోకూడదన్నది భద్రతా నియమం. మెట్ల దగ్గర ఆ హడావిడిలో ఎంతమంది గుర్తుపెట్టుకుని తీస్తారు? ఈ సంగతి కౌంటర్ దగ్గరే చెబితే ఒక చిన్న సంచిలో సర్దుకోవడానికి సమయం ఉంటుంది.

7. ఫోన్. డిపార్చర్ గేటు దగ్గర చూపించాల్సిన టికెట్టు ఫోన్‌లో ఉంటుంది. ఫోన్‌లో ఉన్నది కువైట్ సిమ్, రోమింగ్ లేదు. వై-ఫై కావాలంటే ఓటీపీ రావాలి, ఓటీపీ రావాలంటే సిమ్ పనిచెయ్యాలి. పాస్‌పోర్టు స్కాన్ చేస్తే వై-ఫై కూపన్ ఇచ్చే మెషీన్లు కొన్ని చోట్ల ఉన్నాయి గానీ, ఎక్కడున్నాయో చెప్పే బోర్డు ఉండదు.

మనుషులు త్వరగా కదలడానికి మీరు చాలానే చేశారు, అది ఒప్పుకోవాలి. భారతీయులకు, ఓసీఐ కార్డున్నవాళ్లకు ముందుగా నమోదు చేసుకుంటే ఇ-గేట్ల ద్వారా ఇమిగ్రేషన్ దాటే పద్ధతి 2024 జూన్‌లో ఢిల్లీలో మొదలై, 2025 జనవరిలో హైదరాబాద్ సహా మరికొన్ని చోట్లకు వచ్చింది. దేశీయ ప్రయాణాల్లో ముఖం గుర్తుపట్టి లోపలికి పంపే డిజి యాత్ర ఉంది. అయితే ఇమిగ్రేషన్‌లో మిగిలిన అరగంట బెల్ట్ దగ్గర, ట్రాలీ దగ్గర ఖర్చయిపోతోంది. మనిషి వేగం పెరిగింది గానీ లగేజీది పెరగలేదు. ఇద్దరూ కలిసే కదలాలి కదా.

లగేజీ విషయంలోనూ మీరు గట్టిగా చెబితే పని జరుగుతుంది. ఇంజన్ ఆగిన 10 నిమిషాల్లో మొదటి పెట్టె, 30 నిమిషాల్లో చివరి పెట్టె బెల్ట్ మీదికి రావాలని 2024 ఫిబ్రవరిలో భద్రతా బ్యూరో ఏడు ఎయిర్‌లైన్స్‌ని ఆదేశించింది. గడియారం పెట్టి కొలిచింది కాబట్టి అందరూ కదిలారు. మేం అడుగుతున్నవీ అలా కొలవగలిగినవే.

మా డిమాండ్లు:

1. కస్టమ్స్ గ్రీన్ చానెల్ దాటిన తర్వాత, బయటి తలుపు కంటే ముందు, దేశీయ లగేజీ తీసుకునే ఉమ్మడి కౌంటర్ 24 గంటలూ నడవాలి. ఒక్కో ఎయిర్‌లైన్‌కి ఒక్కోటి, అదీ వాళ్ల విమానం ఉన్నప్పుడే తెరిచేది వద్దు. చివరి ఊరి ట్యాగ్ ముందే ఉంటే స్కాన్ చేసి బెల్ట్ మీద వెయ్యాలి. లేకపోతే అక్కడే ట్యాగ్ కట్టాలి. విడి టికెట్ల వాళ్లకీ ఇదే సౌకర్యం ఉండాలి. పాత ట్యాగులు, బార్‌కోడ్ స్టిక్కర్లు పీకేసే పని కౌంటర్ సిబ్బందే చెయ్యాలి. స్కానర్ పాత బార్‌కోడ్‌ని చదివి పెట్టెను వేరే దారి పట్టించడం తరచూ జరిగే పొరపాటు. సెంటు, తేనె, నూనె వంటివి డ్యూటీఫ్రీలో కొన్నవాళ్లు వాటిని చెక్-ఇన్ పెట్టెలో సర్దుకోవడానికి ఆ కౌంటర్ పక్కన ఒక బల్ల, ఒక తూకం పెట్టండి. దేశీయ భద్రతా తనిఖీ దగ్గర వాటి గొడవ అక్కడితో తీరిపోతుంది.

2. కనెక్టింగ్ ప్రయాణికుల లగేజీని 12 గంటల ముందు నుంచీ తీసుకోవాలి. ఇది కొత్త సంగతి కాదు. ఢిల్లీ మెట్రో ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ లైన్‌లో న్యూఢిల్లీ, శివాజీ స్టేడియం స్టేషన్ల దగ్గర కొన్ని ఎయిర్‌లైన్స్ లగేజీని గంటల ముందే తీసుకుంటున్నాయి. ఊరి మధ్యలో తీసుకోగలిగినది టెర్మినల్లో ఎందుకు కుదరదు? ఎక్స్-రే అయిన పెట్టెలు ఉంచడానికి తాళం, కెమెరాలు ఉన్న గది, ఊరివారీగా అరలు, ప్రతి అరకూ విమానం నంబరు, తీయాల్సిన సమయం రాసిన కార్డు చాలు. పెద్ద టెర్మినళ్లలో దీనికి యంత్రాల అరలు పెట్టవచ్చు. చిన్నచోట్ల మనుషులతోనే నడుస్తుంది.

3. ముందుగా అప్పగించడం ఇష్టం లేనివాళ్లకు, బస్సు కోసం తెల్లవారేదాకా ఆగేవాళ్లకు అరైవల్స్ తలుపు పక్కనే క్లోక్‌రూమ్ కావాలి. రైల్వే స్టేషన్లలో ఈ పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. టికెట్టు చూపించాలి, పెట్టెకు తాళం ఉండాలి. విమానాశ్రయంలో దానికి ఎక్స్-రే జోడించండి. టోకెన్ మూడు ముక్కలుగా ఉండాలి: ఒకటి పెట్టెకు, ఒకటి ప్రయాణికుడికి, ఒకటి రిజిస్టర్‌కి. పెట్టె ఫొటో తీయాలి. రేటు గంటల లెక్కన తెలుగులో బోర్డు మీద ఉండాలి. కార్డు, యూపీఐతో పాటు నోట్లూ తీసుకోవాలి. గల్ఫ్ నుంచి దిగినవాళ్ల దగ్గర ఆ క్షణంలో ఉండేది నోట్లే, అవీ ఒక్కోసారి దీనార్లే.

4. 24 గంటల లోపు దిగిన విదేశీ బోర్డింగ్ పాస్ చూపించినవాళ్లకు, టికెట్టు విడిగా కొన్నా సరే, విదేశీ లగేజీ పరిమితిలో కనీసం 30 కిలోల దాకా దేశీయ విమానంలో అదనపు రుసుము లేకుండా ఒప్పుకోండి. ఒక్కో పెట్టె 32 కిలోలు మించకూడదన్న నియమం అలాగే ఉండనివ్వండి. అది మోసే కూలీ నడుముకు సంబంధించిన విషయం, దాన్ని మేమూ సమర్థిస్తాం.

5. గన్నవరం, విశాఖపట్నం వంటి చోట్ల కస్టమ్స్ ఉంది. గన్నవరానికి అంతర్జాతీయ హోదా 2017లోనే వచ్చింది. కొన్ని దారుల్లో ఇప్పటికే జరుగుతున్నట్టు ఆ ఊళ్లకు పోయే లగేజీని చివరి ఊళ్లోనే తనిఖీ చేసే ఏర్పాటు చెయ్యండి. కొత్తగా కట్టే టెర్మినళ్లలో ఈ బెల్ట్, ఈ గది ప్లాన్‌లోనే ఉండాలి. కట్టాక గోడ పగలగొట్టడం ఎవరికీ మంచిది కాదు.

6. టెర్మినళ్లు వేరైన చోట పెట్టెలు ట్రక్కులో పోవాలి, ప్రయాణికులు బస్సులో పోవాలి. పెట్టెలతో సహా ప్రయాణికుణ్ని బస్సెక్కించే పద్ధతి ఆపండి.

7. కస్టమ్స్ తలుపు అవతల, లగేజీ ఉన్నవాళ్లు కూడా వాడుకోగలిగిన హాలు ఒకటి కావాలి. ట్రాలీతో సహా లోపలికి పోయేంత వెడల్పున్న మరుగుదొడ్లు స్త్రీలకు రెండు, పురుషులకు రెండు అయినా ఉండాలి. దివ్యాంగుల మరుగుదొడ్డిని దీనికి వాడమని చెప్పకండి, అది వాళ్లది. నడుం వాల్చడానికి చేతులు లేని బెంచీలు, పాలిచ్చే తల్లులకు గది, వేడినీళ్లు, ఫోన్ చార్జింగ్, పాస్‌పోర్టుతో వై-ఫై ఇచ్చే మెషీన్, టికెట్టు ప్రింట్ తీసి ఇచ్చే డెస్క్ కావాలి. 2024 డిసెంబర్‌లో కోల్‌కతా విమానాశ్రయంలో మొదలైన ఉడాన్ యాత్రీ కెఫేలో టీ 10 రూపాయలు. ఆ టీ అందాల్సింది ముందుగా ఈ హాల్లోనే, రాత్రంతా ప్రయాణం చేసి వచ్చినవాళ్లకి.

8. తెలుగులో బోర్డులు కావాలి, అవీ ఉండాల్సిన చోట. ఇమిగ్రేషన్ దాటగానే, బెల్ట్‌కు ముందు, పెద్ద అక్షరాలతో ఇలా రాయండి: “ట్యాగ్ మీద వేరే ఊరి పేరున్నా, మీ పెట్టెలు ఇక్కడే తీసుకోవాలి. కస్టమ్స్ దాటాక మళ్లీ అప్పగించాలి.” ఈ రెండు వాక్యాలు లేక ఎంతోమంది పెద్దవాళ్లు బెల్ట్ దగ్గర ఆగకుండా నేరుగా వెళ్లిపోతున్నారు. గన్నవరంలో దిగాక గానీ పెట్టె హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో ఉండిపోయిందని వాళ్లకి తెలియడం లేదు.

9. అంతర్జాతీయ ఎయిర్‌లైన్ల సంఘం 2018 జూన్ నుంచి అమల్లోకి తెచ్చిన 753వ తీర్మానం ప్రకారం ప్రతి పెట్టెనూ అప్పగించినప్పుడు, విమానంలోకి ఎక్కించినప్పుడు, ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చినప్పుడు, తిరిగి ఇచ్చినప్పుడు నమోదు చెయ్యాలి. ఆ సమాచారం మీ కంప్యూటర్లలో ఉంది. దాన్ని ప్రయాణికుడి కుటుంబం ఇక్కడ వాడే నంబరుకు సందేశంగా పంపండి. పెట్టె విమానం ఎక్కలేదని దిగాక బెల్ట్ దగ్గర అరగంట నిలబడి తెలుసుకోవాల్సిన అవసరం ఉండదు.

10. ఆలస్యమైన పెట్టెను, టికెట్లు వేరైనా సరే, పీఐఆర్‌లో రాసిన చిరునామాకు దగ్గర్లో ఉన్న విమానాశ్రయం దాకానైనా ఎయిర్‌లైన్ ఖర్చుతో చేర్చాలి. ఫిర్యాదు పత్రం తెలుగులో ఉండాలి. 7 రోజులు, 21 రోజుల గడువులు దాని మీదే అచ్చు వెయ్యాలి.

ఇవి జరిగితే ఏమవుతుందో చూడండి. అదే తెల్లవారుజామున 3:45కి పెట్టెలు అప్పగించిన మనిషి తనిఖీ దాటి లోపలికి పోయి హాయిగా ఓ కునుకు తీస్తాడు. తెల్లారాక బయటికి పోవాలంటే శంషాబాద్‌లో పుష్పక్ బస్సులు విమానాశ్రయం గుమ్మం ముందు నుంచే పోతాయి. ముచ్చింతల్‌లో 216 అడుగుల రామానుజాచార్యుల విగ్రహం ఉంది, శంషాబాద్ దగ్గరే అమ్మపల్లి సీతారామచంద్రస్వామి గుడి ఉంది. తిరిగొచ్చి ఎక్కాల్సిన విమానానికి రెండు గంటల ముందు గేటు దగ్గర ఉంటే చాలు. చేతిలో చిన్న సంచి, జేబులో బోర్డింగ్ పాస్. సింగపూర్ చాంగీలో ఐదున్నర గంటల నుంచి 24 గంటల లోపు గ్యాపున్నవాళ్లకి ఊరు చూపించడానికి ఉచిత బస్సు టూర్లున్నాయి. ఆస్ట్రేలియా వెళ్లొచ్చే మనవాళ్లు కొందరు వాటిలో తిరిగొస్తుంటారు. అలా తిరగగలుగుతున్నారంటే కారణం ఒకటే, పెద్ద పెట్టెలు వాళ్ల చేతిలో ఉండవు. మన ఊళ్లో ఖర్చుపెట్టే ఆ గంటల వల్ల ఆటోవాళ్లకి, టిఫిన్ సెంటర్లకి, గుడి దగ్గర పూలమ్మేవాళ్లకి నాలుగు రూపాయలు వస్తాయి. విమానాశ్రయం బెంచీ మీద కూర్చున్న మనిషి వల్ల ఎవరికీ ఏమీ రాదు.

తోటి ఏజెంట్లకు కూడా నాలుగు మాటలు. విడివిడి టికెట్లు కడితే రెండు మూడు వేలు మిగులుతాయని చెప్పే ముందు 15 కిలోల సంగతి, నో-షో (సమయానికి విమానం ఎక్కలేకపోవడం) సంగతి, పెట్టె ఎక్కడ ఆగిపోతుందన్న సంగతి చెప్పండి. చెప్పకుండా కట్టడం మోసం కిందికే వస్తుంది. వీలైనంతవరకు ఒకే పీఎన్‌ఆర్ మీద కట్టండి. విడిగా కట్టక తప్పకపోతే, అదనపు కిలోలు ముందే ఆన్‌లైన్‌లో కొనండి, కౌంటర్ రేటు కంటే చాలావరకు తక్కువ పడుతుంది. రెండు టికెట్లూ కాగితం మీద ప్రింట్ తీసి చేతికివ్వండి. ఏ ఊళ్లో పెట్టె తీసుకోవాలో, ఏ టెర్మినల్ నుంచి ఏ టెర్మినల్‌కి పోవాలో, కౌంటర్ ఎన్నింటికి మూస్తారో ఆ కాగితం వెనక పెద్ద అక్షరాలతో తెలుగులో రాయండి. పది అంకెల లగేజీ ట్యాగ్ నంబరును ఫొటో తీసి ఇంటికి పంపమని చెప్పండి. పెట్టె తప్పితే దాన్ని పట్టుకునేది ఆ నంబరుతోనే. ఎండుకొబ్బరి పెట్టొద్దని కూడా చెప్పండి. దానంతటదే వేడెక్కి అంటుకునే స్వభావం ఉన్న సరుకుగా దాన్ని లెక్కిస్తారు, తనిఖీలో పెట్టె విప్పి తీసేస్తారు, ఆలోగా కౌంటర్ మూసేస్తారు.

ఈ పది డిమాండ్లలో 8వది ఒక్క రోజులో చెయ్యగలిగినది. 7లో చెప్పిన బెంచీలు, ప్రింటర్, వై-ఫై మెషీన్ వారంలో వస్తాయి. 1, 2, 3కి స్థలం కేటాయించి, సిబ్బందిని నియమించడానికి మూడు నెలలు చాలని ఆ పని తెలిసినవాళ్లుగా చెబుతున్నాం. 4, 5, 10కి ఆదేశాలు కావాలి, వాటికి ఎంత సమయం పడుతుందో మీరే తేదీ చెప్పండి.

30 రోజుల్లో ఒక్కో డిమాండ్‌కి విడిగా, లిఖితపూర్వకంగా జవాబు ఇవ్వమని కోరుతున్నాం. కుదరనివి ఉంటే ఎందుకు కుదరవో కారణం రాయండి. వచ్చిన జవాబులను, రాకపోతే రాలేదన్న సంగతిని, ఈ లేఖతో పాటే ఊరూరా మా ఆఫీసుల గోడల మీద అంటిస్తాం. ఈ లోపు కౌంటర్ ఎక్కడ పెట్టాలో, అరలు ఎలా కట్టాలో, టోకెన్ ఎలా అచ్చు వెయ్యాలో మాట్లాడటానికి పిలిస్తే మా ఖర్చులతో మేమే వస్తాం.

ఇట్లు,
కనెక్టింగ్ ప్రయాణికుల తరఫున,
ట్రావెల్ ఏజెంట్లు, విమానాశ్రయ లగేజీ పని తెలిసినవాళ్లు